కారణం అడిగే హక్కు

ఒక మనిషి నేరం చేశాడని రుజువు కాలేదు. రేపు చేస్తాడేమోనన్న అనుమానం మాత్రమే ఉంది. అంతమాత్రాన అతన్ని విచారణ లేకుండా చెరసాలలో ఉంచవచ్చా?

1950లో సుప్రీంకోర్టు ముందు ఈ ప్రశ్న లేవనెత్తినవారు ఎ.కె. గోపాలన్. ఆయన ఉపాధ్యాయుడిగా పనిచేశారు, ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు, తర్వాత కమ్యూనిస్టు నాయకుడయ్యారు. 1947 డిసెంబరు నుండి మద్రాసు రాష్ట్రంలో ఆయన నిర్బంధంలో ఉన్నారు. మన చిత్తూరు, తిరుపతి ఆనాడు ఆ రాష్ట్రంలోనివే. కోర్టులు శిక్షలు రద్దు చేసినా, కొత్త ఉత్తర్వులతో నిర్బంధం కొనసాగింది. 1950 మే 19న సుప్రీంకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టివేసింది. అయితే నిర్బంధ కారణాలను కోర్టుకు సైతం వెల్లడించరాదన్న సెక్షన్ చెల్లదని చెప్పింది. జస్టిస్ ఫజల్ అలీ మెజారిటీతో విభేదించారు. ఒకరి స్వేచ్ఛను హరించాలంటే ఆరోపణ తెలపాలి, అతని మాట వినాలి, నిష్పక్షపాతంగా విచారించాలి అన్నది ఆయన అభిప్రాయం. 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఈ బాటకే వచ్చింది. గోపాలన్ 1952 మొదలు ఐదుసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు.

సోదరులారా! సూరా యూసుఫ్‌ను గుర్తుచేసుకోండి. నిర్దోషి అనడానికి నిదర్శనాలు కళ్లారా చూశాక కూడా పెద్దలు హజ్రత్ యూసుఫ్ (అలై)ను కొంతకాలం ఖైదులో ఉంచాలనుకున్నారు. ఎంతకాలమో చెప్పలేదు. ఏళ్ల తర్వాత రాజు పిలిపిస్తే ఆయన వెంటనే బయటికి రాలేదు. ముందు అసలు సంగతి విచారించమన్నారు. విడుదల రాజు దయ కావచ్చు. విచారణ మాత్రం మనిషి హక్కు.

దైవప్రవక్త (స) ఒక వ్యక్తిని అనుమానంపై నిర్బంధించి, తర్వాత వదిలేశారని హదీసులో ఉంది. కనుక విచారణ కోసం కొద్దిపాటి నిర్బంధం తప్పు కాదు. అయితే మరో హదీసు కూడా ఉంది. ఆయన ప్రసంగిస్తుండగా ఒకతను లేచి, తన పొరుగువారిని ఎందుకు పట్టుకున్నారని అడిగాడు. చివరికి వారిని విడిచిపెట్టమని ఆయన ఆదేశించారు. అలా లేచి అడగటం తిరుగుబాటు అనిపించుకోలేదు.

‘గోపాలన్ మన మార్గంలోని వారు కాదు కదా!’ అని కొందరు అనవచ్చు. ఒక వర్గం పట్ల ద్వేషం సైతం మనల్ని న్యాయం నుండి తప్పించరాదని సూరా మాయిదా బోధిస్తోంది. మరి మనమేం చేస్తున్నాం? మన పిల్లవాణ్ణి పట్టుకెళితే జుమా నమాజు తర్వాత మసీదు ముందే న్యాయం గురించి మాట్లాడుకుంటాం. పరాయివాణ్ణి పట్టుకెళితే ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని సరిపెట్టుకుంటాం. సూరా హుజురాత్ వారించిన దురనుమానం ఇదే కదా!

మనవారికీ పరాయివారికీ ఒకే తూనికతో న్యాయం కోరే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.