చిరుసంచి

అబిడ్స్‌లో ఆదివారం పూట మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరుస్తారని హైదరాబాదులో చదివేవాళ్లెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంజనీరింగ్ రోజుల్లో సెమిస్టర్ పుస్తకాల కోసం వెళ్లేవాణ్ని, ఇప్పుడు నవలల కోసం వెళ్తున్నాను. పోయిన నెల మాత్రం ఈ రెండూ కాని వస్తువొకటి దొరికింది. ఎవరో వ్యవసాయ కళాశాల విద్యార్థి ప్రాక్టికల్ రికార్డు. అట్ట మీద పేరున్న చోట కాగితం చింపేసి ఉంది. ముప్పై రూపాయలన్నాడు, ఇరవైకి ఇచ్చాడు. తూకానికి పోవాల్సినదాన్ని కొంటున్నందుకు అతనే నన్ను కొంచెం వింతగా చూశాడు.

గ్రాండ్ హోటల్లో చాయ్ చెప్పి తిరగేశాను. ఒక పేజీలో పొలాన్ని పెన్సిల్‌తో పన్నెండు మడులుగా గీశాడు. నాలుగు వంగడాలు, ఒక్కొక్కటి మూడు చోట్ల. ఏది ఏ మడిలో వెయ్యాలో మన ఇష్టం కాదు, చీటీలు తీసినట్టు తేల్చాలి. నాలుగో వంగడం కింద ‘చెక్’ అని రాసి రెండుసార్లు గీత గీశాడు. చెక్ అంటే రైతులు అప్పటికే వేస్తున్న పాత రకం. కొత్తది మంచిదో కాదో చెప్పాలంటే పక్కనే, అదే నేలలో, అదే వానకి పాతది కూడా పండాలి.

నాకు నవ్వొచ్చింది. ఆఫీసులో నేను చేసేది ఇదే. సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్త పేజీ చూపించి, ఎవరు ఎక్కువ నొక్కారో లెక్కపెట్టే ఏ/బీ టెస్ట్. దాన్ని సిలికాన్ వ్యాలీ సరుకనుకుంటాం గానీ దాని పుట్టుక పొలంలో. రొనాల్డ్ ఫిషర్ 1919లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో చేరి, అక్కడి ఎరువుల లెక్కలతో కుస్తీ పడుతూ ఈ పద్ధతి తయారుచేశాడు. 1935లో ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పరిమెంట్స్’ అని పుస్తకం రాశాడు. ఇంకో మాట కూడా ఇద్దరికీ ఉమ్మడిదే. వాళ్లూ వంగడాన్ని ‘విడుదల’ చేస్తారు, మేమూ సాఫ్ట్‌వేర్‌ని ‘రిలీజ్’ చేస్తాం.

అక్కడితో పోలిక అయిపోతే ఇది రాయాల్సిన పనే లేదు. రోథమ్‌స్టెడ్‌లో మడి ఎండిపోతే నష్టం రోథమ్‌స్టెడ్‌ది. నేల వాళ్లది, జీతం వాళ్లది, నేర్చుకున్న పాఠమూ వాళ్లదే. అదే పరిశోధన కంచె దాటి ఊళ్లోకి వచ్చాక ఈ మూడూ విడిపోతాయి. పాఠం ఒకరికి చేరుతుంది, నష్టం ఇంకొకరికి. ఇలా విడదీయడం ఎప్పుడు న్యాయం అన్నది నన్ను ఆ రోజు నుంచి వదలడం లేదు.

మా పెదబాపుది ఉమ్మడి వరంగల్ జిల్లా. 2002 మార్చిలో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ వానకాలమే ఆయన తన నాలుగెకరాల్లోనూ ఆ విత్తనమే పెట్టాడు. 450 గ్రాముల ప్యాకెట్ ధర మామూలు హైబ్రిడ్ కన్నా మూడు నాలుగింతలు. కాయతొలిచే పురుగు రాదన్నారు. పురుగు సంగతేమో గానీ, చెట్టు పొట్టిగా ఉండిపోయింది, కాయ చిన్నదైంది, ఆ ఏడు వానలూ సరిగ్గా లేవు. తప్పు విత్తనానిదా, వానదా, ఆయనదా? తేల్చడానికి పక్కన చెక్ మడి లేదు. రైతు బతుకులో మూడు చోట్ల వేసి సగటు తీయడం ఉండదు. ఒకటే పొలం, ఒకటే కారు.

వరంగల్ వైపు చాలామంది అదే గోడు చెప్పుకున్నారు. అప్పటి మూడు బీటీ హైబ్రిడ్లకి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించబోమని కేంద్ర ఆమోద కమిటీ చెప్పింది 2005లో. పెదబాపుకి ఒక్క కారులో తెలిసినది కాగితం మీదికి రావడానికి మూడేళ్లు పట్టింది.

ఆ ప్యాకెట్‌లో ఇంకో చిన్న పొట్లం ఉండేది. 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం. చేను చుట్టూ అయిదు వరుసలు వెయ్యమని. పురుగులు కొన్ని అక్కడ బతికితేనే బీటీని తట్టుకునే పురుగుల జాతి తొందరగా పెరగదని శాస్త్రం. నిజమే, మంచి శాస్త్రమే. కానీ పురుగు తినడానికని తన నేలలో అయిదు వరుసలు వదిలేది రైతు, దానివల్ల ఎక్కువ కాలం అమ్ముడుపోయేది ఆ టెక్నాలజీ. ఎందుకో ఎవరూ విడమర్చి చెప్పలేదు. చాలామంది లాగే పెదబాపూ ఆ పొట్లాన్ని పారేశాడు. తర్వాత్తర్వాత గులాబీరంగు పురుగు బీటీని తట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు ‘రైతులు నియమం పాటించలేదు’ అన్న మాట చాలాచోట్ల చదివాను. చదివిన ప్రతిసారీ ఒళ్లు మండింది.

ఇది చెబితే మా టీమ్‌లో స్నేహితుడొకడు అడ్డం పడ్డాడు. ‘తర్వాత వచ్చిన బీటీ హైబ్రిడ్లు పనిచేశాయిగా? మందుల ఖర్చు తగ్గిందిగా? మీ పెదనాన్న కూడా మళ్లీ అవే వేశాడుగా?’ వేశాడు. కొన్నేళ్లు బాగానే పండింది కూడా. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళ్లి ప్యాకెట్ ధరని 750 రూపాయలకి తెచ్చాక ఇంకా తేలికైంది. నేను ఆ విత్తనాన్ని తిట్టడం లేదు. మొదటి కారు ఎవరి లెక్కలో రాయాలి అంటున్నాను. తర్వాతి పంటల లాభం మొదటి ఏడు మునిగినవాడికి చెల్లుబాటు అవుతుందా? వాడు, వీడు ఒకరు కానప్పుడు ఆ కూడికకి అర్థం లేదు.

పరిశోధన అంటేనే ఇంత అని కాదు. మనం రోజూ తినే సాంబ మసూరి సంగతి చూడండి. బీపీటీ 5204, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. అన్నం సన్నగా, మెత్తగా ఉంటుంది, కానీ ఎండాకు తెగులుకి ఇట్టే లొంగిపోతుంది. హబ్సిగూడ సీసీఎంబీ వాళ్లు, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్లు కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను మార్కర్ల సాయంతో దానిలోకి తెచ్చారు. జన్యుమార్పిడి కాదు, సంకరమే. ఒక్కసారి సంకరం చేస్తే తెగులు నిరోధంతో పాటు అవతలి మొక్క గుణాలన్నీ వచ్చిపడతాయి. అందుకని మళ్లీ సాంబ మసూరితోనే, వరసగా నాలుగు తరాలు, వెనక్కి వెనక్కి సంకరం చేశారు. ఆ మూడు జన్యువులు తప్ప మిగతాదంతా వీలైనంతవరకు పాత సాంబ మసూరిలాగే ఉండాలని. 2008లో విడుదలైంది. కొత్తది చెయ్యడానికి పడ్డ కష్టం కన్నా పాతదాన్ని చెడగొట్టకుండా ఉండడానికి పడ్డ కష్టమే నాకు గొప్పగా కనిపించింది. మా వృత్తిలో ఈ మర్యాద అరుదు.

ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశంది ఇంకో దారి. చీరకి వేలసార్లు చెయ్యి ఆడిస్తూ ఆసు పోసే తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, 1999కి ఆసు యంత్రం పూర్తిచేశాడు. మధ్యలో పోయిన డబ్బు, పడ్డ మాటలు ఆయనవే. నేర్చుకున్నదీ నష్టపోయిందీ ఒకే ఇల్లు. అందుకే ఆ ప్రయోగాన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. అలాగని అందరూ సొంతింట్లోనే ప్రయోగాలు చెయ్యాలంటే కుదరదు కదా.

రికార్డు చివర్లో దీనికి జవాబులాంటి మాటొకటి దొరికింది: చిరుసంచి. వంగడాన్ని పూర్తిగా విడుదల చేసేముందు కొన్ని సెంట్లకి సరిపడా విత్తనం చిన్న సంచిలో రైతుకిస్తారు. పక్కన ఆయన రకం ఆయన వేసుకుంటాడు. పంట పోతే కొన్ని సెంట్లే పోతుంది, పైగా తేడా ముందు తెలిసేది ఆయన కంటికే. అదీ ఓ పొట్లమే. కానీ పురుగు కోసం ఇచ్చింది కాదు.

నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తూ పెదబాపుకి ఫోన్ చేశాను. ఈసారి షాపాయన కొత్త విత్తనం అంటగట్టాడట.

‘మొత్తం ఏసినవా?’ అన్నాను.

‘ఏంది, ఒకపారి మునిగింది సాలదా? పది గుంటలల్ల ఏసిన. మిగిలినదంత పాతదే.’

నా రికార్డు సంగతి, చిరుసంచి సంగతి, మేం కూడా మొదట అయిదు శాతం మందికే చూపించి చూస్తామన్న సంగతి చెప్పాను. రెండేళ్ల కిందట మార్చిన చెల్లింపు పేజీ పనిచెయ్యకపోతే పావుగంటలో వెనక్కి తీసేశామని కొంచెం గొప్పగానే చెప్పాను. ఆ పావుగంటలో డబ్బులు కట్టలేక ఆగిపోయినవాళ్లెవరో మేం చూడలేదన్నది చెప్పలేదు.

‘ఆ అయిదుగురికి చెప్పే ఇస్తరారా?’ అన్నాడు.

షరతుల్లో ఎక్కడో రాసి ఉంటుంది అన్నాను.

‘ఎక్కడ?’

మెట్రో చప్పుడులో వినపడనట్టు ఊరుకున్నాను. ఆయన మళ్లీ అడిగాడు.