బండి నంబరునకు వెల కట్టుట

వస్తువును చేతబట్టి దాని వెల చెప్పగలుగుట వర్తకునకు మొదటి విద్య. బంగారమునకు గీటురాయి కలదు. ధాన్యమును గుప్పెడు తీసి ఒక గింజ కొరికి చూచినచో చాలును. బట్టను రెండు వేళ్ల నడుమ నలిపి నేత చెప్పెడి పెద్దలు ప్రతి బజారులోను ఉన్నారు. అయితే కొన్నేండ్లుగా వర్తకుల ఇండ్లలోనికి ఒక క్రొత్త సరుకు ప్రవేశించినది. అది తూకమునకు రాదు, గీటునకు లొంగదు, కొరికిన పండ్లు పోవును. అదియే కారు నంబరు. దానికి పెట్టిన సొమ్ము మరల అమ్మునప్పుడు ఎంత తిరిగివచ్చునను ప్రశ్న ఇప్పుడు పెండ్లి పందిళ్లలో సైతము వినవచ్చుచున్నది.

ఈ విషయమును తలపోయుటకు తొప్పూరు మంచి చోటు. సేలమునకును ధర్మపురికిని నడుమనున్న ఆ ఊరి కనుమ మీదుగా కాశ్మీరమునుండి కన్యాకుమారి వరకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి సాగుచున్నది. పూర్వము దీనిని 7వ నంబరు రోడ్డనెడివారు. అచ్చట ఒక గంట నిలిచినచో దక్షిణదేశపు బండ్లన్నియు కనబడును. ధర్మపురి వారి టి.ఎన్. 29, కృష్ణగిరి వారి టి.ఎన్. 24, కన్నడ సీమ లారీలు, ఆంధ్ర బండ్లు, తెలంగాణమునుండి 2014 తరువాత టి.ఎస్. అనియు, 2024 మార్చి నుండి టి.జి. అనియు గుర్తు గలవి. వానిలో అప్పుడప్పుడు నాలుగు తొమ్మిదులదో, ఒంటి అంకెదో ఒక కారు పోవును. టీ కొట్టు దగ్గర కూర్చున్నవారు తలలు త్రిప్పి చూతురు. ఆ తల త్రిప్పుటకే వెల! మరి కొంత దూరమున టోల్ గేటు వచ్చును. అద్దమునకు అంటించిన ఫాస్టాగ్ చీటీని యంత్రము చదువును. లక్షలు పోసిన నంబరైనను, ఊరకే వచ్చిన నంబరైనను, ఆ కారులకు సుంకమొక్కటే.

వెలలు వినిన ఆశ్చర్యము కలుగును. 2022లో చండీగఢమున ఒకాయన 0001 అను నంబరును వేలములో 15 లక్షల 44 వేలకు పాడుకొని, సుమారు 71 వేల రూపాయల స్కూటరుకు పెట్టుకొనెను. తరువాత కారుకు వాడుకొందునని ఆయన చెప్పెను. 2025లో కేరళమున 0007 నంబరు దాదాపు 46 లక్షలు పలికినది. అదే సంవత్సరము నవంబరులో హర్యానాలో హెచ్.ఆర్. 88 బి 8888 అను నంబరు, 50 వేల రూపాయల మొదటి పాటనుండి పెరిగి పెరిగి, 1 కోటి 17 లక్షలకు చేరినది. బి అక్షరము కూడ ఎనిమిదివలె కనబడుటయే దాని గొప్ప. పాడినవారు గడువులోగా సొమ్ము కట్టలేదు. కట్టిన స్వల్పమైన ధరావతు పోయినది, నంబరు మరల వేలమునకు వచ్చినది. పత్రికలలో కోటి రూపాయల నంబరని అచ్చయిన ఆ వెల నిజముగా ఎవ్వరి పెట్టెలోను పడలేదు. పాట వేరు, రొక్కము వేరని తెలియని వర్తకుడుండడు కదా.

పైగా ఆ ఎనిమిది సంగతి చూడుడు. హాంకాంగులో ఎనిమిది సంపదను సూచించు ధ్వని గల అంకె. అచ్చట 2008లో 18 అను నంబరు 1 కోటి 65 లక్షల హాంకాంగు డాలర్లు పలికినది. తెలుగునాట ఎనిమిది శని సంఖ్యయని చాలమంది వదలుకొందురు, తొమ్మిదికి ఎగబడుదురు. వజ్రము ఒక దేశమున వజ్రమై మరియొక దేశమున గులకరాయి యగుట లేదు. అంకె మాత్రము సముద్రము దాటగానే మారిపోవుచున్నది. కావున వెల అంకెలో లేదు, చూచువారి కన్నులలో నున్నది. ఆ కన్నుల వెలను లెక్క వేయుట అసాధ్యము కాదు, కాని కొనువారు మారిన ప్రతిసారియు ఆ లెక్కను మరల మొదటినుండి వేయవలెను.

దళారులు మాత్రము లెక్క చెప్పుదురు. అంకెలు ఎంత తక్కువైన అంత ప్రియము. నాలుగును ఒక్కటే అయిన మరింత ప్రియము. కూడిన తొమ్మిది వచ్చిన, నగరపు ఆఫీసుదైన ఇంకను ఎక్కువ. ఇదంతయు మొదటి అమ్మకమునకు సరిపోవును. మరు అమ్మకమున చిక్కు వచ్చును. ఇంగ్లండులో నంబరును బండినుండి వేరుచేసి అమ్ముకొనవచ్చును, 1989 నుండి ప్రభుత్వమే అట్టివానిని అమ్ముచున్నది. అందుచేత అచ్చట నంబరునకు సొంత సంత ఏర్పడినది. ఇచ్చట నంబరు సాధారణముగా బండిని అంటిపెట్టుకొని యుండును. కొన్ని రాష్ట్రములు రుసుము తీసికొని యజమాని తన క్రొత్త బండికి మార్చుకొననిచ్చును గాని, నడిబజారున నంబరును మాత్రమే అమ్ముకొను వీలు లేదు. సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు చెల్లును. కారు పాతబడిన కొలది దాని మీది అంకెకు వన్నె తగ్గకపోవచ్చును గాని, దానిని మోయు ఇనుము తుప్పుపట్టుచుండును.

చిత్తూరులో ఒకాయన తన 9999 కారును అమ్మజూపెననుకొందము. ధర్మపురినుండి ఒక వర్తకుడు కొనవచ్చెను. కారు ఆరు లక్షలు చేయును. అమ్మువాడు ఎనిమిది చెప్పి, పై రెండు లక్షలు నంబరునకనును. కొనువాడు ఆ నంబరు తన కొడుకు జాతకమునకు కుదిరినదని సంతోషించి ఒప్పుకొనును. బండి తొప్పూరు రోడ్డున తిరుగును. ఇతర రాష్ట్రమునకు తెచ్చి పండ్రెండు నెలలకు మించి ఉంచిన బండికి అచ్చటి నంబరు తీసికొనవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను విధించుచున్నది. ఏడాది తిరుగునప్పటికి ఆ కారుకు టి.ఎన్. 29తో మరియొక నంబరు వచ్చును. రెండు లక్షలు దొంగ ఎత్తుకొనిపోలేదు, అగ్నిలో కాలలేదు. ఎచ్చటికి పోయినవి? చిత్తూరు వర్తకుని ఖాతాలో జమయై యున్నవి!

అసలు ధర్మ ప్రశ్న ఇచ్చటనే యున్నది. అమ్మువాడు అబద్ధమాడలేదు. నంబరు 9999యే, కన్నులకు కనబడుచునే యున్నది. సరిహద్దు దాటిన అది నిలువదని అతనికి తెలియును. కొనువాడు అడుగలేదు. అడుగని దానికి చెప్పనక్కరలేదనుట బజారులో చెల్లుబాటగు మాట. శ్రావకుని అచౌర్య వ్రతమునకు కలుగు అతిచారములలో హెచ్చు తగ్గు తూకములను, ఒకదానిని పోలిన మరియొక సరుకు నంటగట్టుటను తత్త్వార్థ సూత్రము చేర్చినది. ఒక రాష్ట్రములో మాత్రమే చెల్లు సొత్తును ఎల్లెడల చెల్లుదానివలె అమ్ముట ఈ రెండవదానికి దూరపు చుట్టమైనను కాదా? చుట్టమే. తెలిసియు మౌనముగా నుండుట త్రాసు పళ్లెము క్రింద మైనము అంటించుట వంటిది.

కొనువాని వైపు చిక్కు మరియొక తీరుగా నున్నది. పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టినవారు పొలము, ఇల్లు, వెండి, బంగారము, ధనము, ధాన్యము మొదలగువానికి హద్దు పెట్టుకొందురు. నంబరు వీనిలో దేనిక్రింద వ్రాయవలెను? పెద్దలు బాహ్య పరిగ్రహముతోపాటు పదునాలుగు విధముల ఆంతరంగిక పరిగ్రహమును కూడ చెప్పియున్నారు. అందులో మానము, అనగా గర్వము, ఒకటి. నంబరు అచ్చట చేరును. కారు లేని ఇంటిలోను అది ఉండవచ్చును, వంద కారులున్న ఇంటిలో లేకపోవచ్చును.

దీనికి ఎదురు వాదము లేకపోలేదు. నంబరు గుర్తుండిన దుకాణము గుర్తుండును, అది బోర్డు వంటిదే యని కొందరందురు. ఆ సొమ్ము ప్రభుత్వమునకే పోవును, ఎవ్వరికి కీడు లేదని మరికొందరు. 2023లో దుబాయిలో పి 7 అను నంబరు 5 కోట్ల 50 లక్షల దిర్హములకు పోగా, ఆ వేలపు సొమ్ము అన్నదాన నిధికి చేరినదని చూపుదురు. ఒక వైపునుండి చూచిన ఈ మాటలన్నియు నిజమే. బోర్డు ఖర్చని చిట్టాలో వ్రాసికొన్నవాడు దానిని ఖర్చుగానే మరచిపోవును. ఆభరణము అమ్మునప్పుడు మజూరి తిరిగి రాదని వానికి తెలియును. ఖర్చును ఆస్తిగా వ్రాసికొన్నవానికే బాధ. తిరిగి రాని దానిని రాబట్టుటకు తన తరువాతివానిని వెదకుచుండును.

పేరు నిలుపుకొను కోరిక ధర్మపురికి క్రొత్త గాదు. నాడు తగడూరని పిలువబడిన ఈ పట్టణములో నిధియణ్ణ, చందియణ్ణ అను ఇద్దరు వర్తక సోదరులు ఒక జైన బసది కట్టించిరి. నొళంబ మహేంద్రుని కాలమున, శక సంవత్సరము 815లో, అనగా క్రీ.శ. 893లో చెక్కిన శాసనమది. రాజునుండి తనకు వచ్చిన మూలపల్లి గ్రామమును నిధియణ్ణ ఆ బసది పూజలకు, మరమ్మతులకు కనకసేన సిద్ధాంత భటారునకు అప్పగించెను. వారికి పేరు మీద మమకారము లేదని ఎవ్వరనగలరు? శిలపై చెక్కించుకొన్నారు గదా. అయితే ఆ గ్రామమును మరల అమ్మిన ఎంత వచ్చునను లెక్క ఆ శాసనమున లేదు.

చిత్తూరు బేరమునకు వత్తము. అమ్మువానికి దారి లేకపోలేదు. రశీదులో కారు వెల ఆరు లక్షలని ఒక వరుసలోను, నంబరునకు రెండు లక్షలని వేరొక వరుసలోను వ్రాసి, రాష్ట్రము దాటిన రెండవ వరుస చెల్లదని నోటితో చెప్పవలెను. అప్పుడు ధర్మపురి వర్తకుడు రెండవ వరుసను కొట్టివేయుమనును, లేదా కొడుకు ముఖము చూచి ఉండనిమ్మనును. ఉండనిమ్మన్నచో ఆ రెండు లక్షలు తెలిసి పెట్టిన ఖర్చగును. బేరము చెడిన చెడవచ్చును, ఆరు లక్షలకే కారు కొనువాడు చిత్తూరులోనే మరియొకడు దొరకును.