గడప దాటిన రోగి

రోగిని పరీక్షించి, ఇంటికి బోవచ్చునని చెప్పినతోడనే వైద్యుని ధర్మము తీరినట్లేనా?

అమెరికాలో ముఖ్యముగా వృద్ధులకైన మెడికేర్ బీమావారి 2007 మొదలు 2012 వఱకు గల లెక్కలను శోధించి, కొందఱు 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వ్యాసము ప్రకటించిరి. ప్రాణాంతకవ్యాధి గలదని నమోదు కానివారిలోనే, అత్యవసర చికిత్సాశాలనుండి ఇంటికి పంపబడిన 7 దినములలో, ఏటేట సుమారు 10,000 మంది మరణించుచుండిరని యంచనా వేసిరి. నీరసము, ఆయాసము అని మాత్రమే వ్రాసి పంపబడినవారి కపాయ మధికము.

వచ్చినవారి నెల్ల జేర్చుకొనుట యసాధ్యము; ప్రతి మరణమును వైద్యుని దోషము గాదు. కాని పంపినవాని చెవికి మరణవార్త చేరనిచో, తన నిర్ణయము సరియైనదనియే యాతడు నమ్మును. మఱునాడు మఱియొకని నట్లే పంపును. కావున, గడప దాటిన రోగి క్షేమము విచారించుట దయ మాత్రమే కాదు, వైద్యధర్మములో భాగమే యని మేము తలంచుచున్నాము.