సుగ్గి నెలల హాజరు

సంక్రాంతి సెలవులైపోయి బడి తెరిచిన రోజు ఏడో తరగతి రిజిస్టరు ముందేసుకొని పేర్లు పిలవాలంటే నాకు ఇప్పటికీ భయమే. రిజిస్టరులో 48 పేర్లు. ఎదురుగా కూచున్నోళ్లు 27 మంది. పేరు పిలుస్తా. పలుకు రాదు. పక్కనున్న పిల్ల లేచి చెప్తుంది. "సుగ్గికి పోయినాడు సార్." ఇంకో పేరు. "ఆయమ్మి గూడా సుగ్గికే సార్. వాళ్ల చెల్లెల్ని గూడా తీసకపోయినారు." నా పెన్ను ఆగిపోతుంది. గడి చిన్నది. దాంట్లో ఒక్క అక్షరమే పడుతుంది. వచ్చినాడు, లేదంటే రాలేదు. నేనేం రాయాల?

ఇదేదో గుమాస్తా సమస్య అనుకోవద్దు. నేను చదువుకోవడం, మా అక్క చదువుకోలేకపోవడం ఈ గడి దగ్గరే తేలిపోయింది.

కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, సంబరం. కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడబూరు, ఆదోని వైపు ఆ మాటకు వలస అని అర్థం. సొంత చేలో కోసుకోవడానికి ఏమీ లేనోళ్లకు సుగ్గి ఇంకొకరి చేలోనే ఉంటుంది. తుంగభద్ర మా పక్కనే పారుతుంది, మా చేలు మాత్రం వానకే నోరు తెరుస్తాయి. కృష్ణ నీళ్లు పారిన గుంటూరు సీమలో మిరప పండుతుంది. నీళ్లు యాడికి పోతే కూలోళ్లు ఆడికి పోతారు. తల్లిదండ్రులు పోతే పిల్లలు పోతారు. ముసలోళ్లు, తాళం కప్పలు ఊళ్లో మిగుల్తాయి.

ప్రభుత్వం వారి విద్యా సంవత్సరం జూన్ 12న మొదలై ఏప్రిల్లో ముగుస్తుంది. మా గేరి పిల్లల సంవత్సరం వేరు. జూన్, జులైలలో తరగతి నిండుగా ఉంటుంది. ఆరో తరగతికి కొత్తగా వచ్చినోళ్లు హైస్కూలు గంటకే బెదిరి చూస్తుంటారు. దసరా సెలవులు పత్తి తీతతో మొదలవుతాయి, బడి తెరిచినా ఆ సెలవులు అయిపోవు. సంక్రాంతికి బట్టలు కుట్టించరు, మూటలు కడతారు. ఏప్రిల్ 14న అంబేద్కర్ ఫోటోకు దండ వేసే నాటికి ఒక్కొక్కరే తిరిగొస్తుంటారు, వేళ్ల కొసలు ఎర్రగా పొట్టు లేచిపోయి. ఆ వేళ్లతోనే పరీక్ష రాయాల.

1999లో నేను ఆరు, అక్క ఎనిమిది. ఒకే బడి. ఆగస్టులో అక్కను పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి పంపినారు. సాయంత్రం మొగ్గ విప్పి దాంట్లో మగభాగం తీసెయ్యాల. తెల్లారినాక మగపువ్వు తెచ్చి రుద్దాల. ఒక్కో పువ్వుకూ అట్లే చెయ్యాల. ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, కూలి గూడా సన్నగానే ఇయ్యొచ్చు. అందుకని పన్నెండు పదమూడేండ్ల ఆడపిల్లలే కావాలనేవాళ్లు రైతులు. అక్క తరగతి సారు నిజాయితీపరుడు. రాని రోజున రాలేదనే రాసినాడు. కొన్నాళ్లకు పేరు మీద ఎర్ర గీత కొట్టినాడు. డిసెంబరులో అక్క తలకు నూనె పెట్టుకొని, రెండు జడలు వేసుకొని బడికి పోతే "నీ పేరు లేదు పో" అన్నారు. అంతే. అక్క చదువు అయిపోయింది.

జనవరిలో నేను అమ్మానాయనతో సుగ్గికి పోయినా. మిరప చేను పక్కన పట్ట గుడిసె. పగలు కాయ కోత. రాత్రి చేతులు మండుతుంటే జేజి నూనె రాసేది. మార్చి ఆఖర్లో వచ్చి చూస్తే రిజిస్టరులో నా పేరు చెక్కు చెదరలేదు. రెండున్నర నెలలు నేను రోజూ బడికి వచ్చినట్టు ఉంది. మా తరగతి సారు అబద్ధం రాసినాడు. ఆ అబద్ధం మీద నేను ఏడుకు పోయినా. ఏడు నుంచి పదికి, పది నుంచి డిగ్రీకి, బీఈడీకి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. దాని పునాదిలో ఒక అబద్ధం ఉంది.

ఒకే ఇల్లు, ఒకే ఏడాది. నిజం రాసిన సారు ఒక బిడ్డను బడి బయట నిలబెట్టినాడు. అబద్ధం రాసిన సారు ఇంకో బిడ్డను కాపాడినాడు. అట్లయితే ఎవరు ధర్మాత్ముడు?

చాలా ఏండ్లు నాకు జవాబు తెలుసు అనుకున్నా. ఉద్యోగమొచ్చినాక మొదటి ఏండ్లలో నేను గూడా మా సారు దారే పట్టినా. సుగ్గికి పోయినోళ్లందరికీ హాజరు వేసేవాణ్ని. చెయ్యి వణికేది కాదు. మనోళ్ల పిల్లలను మనం కాపాడుకోకపోతే ఎవరు కాపాడతారు అనుకునేవాణ్ని.

మా ఊళ్లలో హరిశ్చంద్ర నాటకం తెల్లార్లూ ఆడతారు. దాంట్లో కాటిసీను వస్తే నిద్రపోయేవాళ్లు గూడా లేచి కూచుంటారు. ఆ సీనులో పాడే జాషువా పద్యాలకు అగ్రకులాల వాళ్లు గూడా కండ్లు తుడుచుకుంటారు. సత్యం కోసం రాజు ఎంత దిగజారినాడు! వీరబాహుడికి అమ్ముడుబోయి కాటికాపరి అయినాడు! చిన్నప్పుడు నేనూ ఏడ్చినా. పెద్దయినాక తట్టింది. రాజుకు పడిన ఘోరమైన శిక్ష మా తాతల రోజువారీ పని. ఆ సత్యం గొప్పదనం తెలియాలంటే మమ్మల్ని అడుగున పెట్టాల. ఇంకొకటి గూడా తట్టింది. హరిశ్చంద్రుడికి పోగొట్టుకోవడానికి ఒక రాజ్యం ఉంది. నిజం చెప్పి పోగొట్టుకున్నా కథ చివర దేవతలు వచ్చి తిరిగి ఇస్తారు. మా అక్కకు ఎవరొచ్చి ఇచ్చినారు? కాబట్టి రాజుల సత్యం మాకొద్దు అనుకున్నా. మా అబద్ధమే మా ధర్మం అనుకున్నా.

ఆ ధీమా ఒకరోజు కూలిపోయింది. వలసపోయే ఇండ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడతారు. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లలు ఊళ్లోనే ఉండి, తిని, చదువుకోవచ్చు. మా బడికి ఒకటి కావాలని అర్జీ పట్టుకొని ఒక అధికారి దగ్గరికి పోయినా. ఆయన మా బడి లెక్కలు తీసి చూసినాడు. "మీ దగ్గర జనవరి, ఫిబ్రవరిలో హాజరు బ్రహ్మాండంగా ఉంది గదా మాస్టారూ. వలస యాడుంది? హాస్టలు ఎవరికి పెట్టమంటారు?" అన్నాడు. నా చేతిరాత నా ముఖానికే వచ్చి కొట్టింది. ఏండ్ల తరబడి నేను దయతో వేసిన హాజరంతా కలిసి మా గేరికి వలసే లేదని సాక్ష్యం చెప్తాంది. ఒక్కొక్క పిల్లవాణ్ని కాపాడినా, అందర్నీ కలిపి మాయం చేసినా.

అప్పుడు మా సారును గూడా ఇంకోసారి తలుచుకున్నా. ఆయనది దయ కావొచ్చు. పిల్లల సంఖ్య తగ్గితే పోస్టు పోతుందనే భయమూ కావొచ్చు. రెండింటికీ రాసే అక్షరం ఒకటే. సాతారా బడిలో అంబేద్కర్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్ట మీద వేరుగా కూచునేవాడు. ప్యూను వచ్చి పోస్తేనే నీళ్లు. ఆయన పేరు రిజిస్టరులో ఉంది, మనిషి తరగతిలోనే ఉన్నాడు, అయినా లేనట్టే. మనం ఉన్నా లేనట్టు చూసే దేశం ఇది. అట్లాంటి చోట లేనోణ్ని ఉన్నట్టు రాస్తే మేలు చేసినట్టా? మనిషి కనపడకుండా పోవడం రెండు చోట్లా ఒకటే.

సరే, నిజం రాస్తా అనుకున్నా. నిజానికీ ఒక వెల ఉంది, ఆ వెల నేను కట్టలేదు. 2020 జనవరిలో అమ్మఒడి వచ్చింది. 2022లో 75 శాతం హాజరు నియమం గట్టిగా పట్టినారు. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 165 రోజులు రావాల. పిల్లవాడికి 55 రోజులే సందు. సుగ్గి ఒక్కటే ఆ సందును మింగేస్తుంది, పత్తి తీత లెక్క వేరే. ఆ ఏడాది నేను ఉన్నదున్నట్టు రాసినా. జూన్‌లో ఒక తల్లి వచ్చి నిలబడింది. మా గేరామె, నాకు పిన్నమ్మ వరస. "ఏం సారూ, అందరికీ 13 వేలు పడె. నాకు పడల్యా. నా కొడుక్కు రాలేదని రాసినావంట. నువ్వు సుగ్గికి పోలేదా నీ కాలంలో?" అని అడిగింది. కోపంగా గూడా అడగలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. పేదరికం వల్ల బడికి రాలేని పిల్లవాడి ఇంటికి, బడికి రాలేదనే కారణంతో డబ్బు ఆపే నియమం న్యాయమా? కాదు. ఆ నియమానికి అక్షరం అందించింది మాత్రం నా చెయ్యే.

ఇప్పుడు నేను చేసేది చెప్తా. గొప్ప కోసం కాదు, మీరు తప్పొప్పులు చెప్తారని. రాని రోజున రాలేదనే రాస్తా. దాని పక్కన సుగ్గి అని రాస్తా, ఏ వైపు పోయినారో, ఇంట్లో ఎవరు మిగిలినారో గూడా రాస్తా. పేరు మాత్రం కొట్టెయ్యను. విద్యాహక్కు చట్టం, 2009 లో 16వ సెక్షను ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసెయ్యడానికి లేదు. డిసెంబరులోనే గేరిలో ఇల్లిల్లూ తిరిగి పోబోయేవాళ్ల జాబితా రాసుకుంటా. ఆ జాబితా పట్టుకొని పోయినాక ఒక ఏడాది మా బడికి హాస్టలు వచ్చింది. ఇంకో ఏడాది రాలేదు. పిన్నమ్మకు పోయిన 13 వేలు మాత్రం ఏ ఏడాదీ తిరిగి రాలేదు. ఆ లెక్క నా మీద అట్లే ఉంది.

మొన్న అక్కను అడిగినా. "నీ సారు నీకు హాజరు వేసుంటే బాగుండునా?" అక్క పత్తి మూట దించుకుంటూ కొంచెం సేపు ఆలోచించింది.

"రాలేదని రాస్తే తప్పేముందిరా? నేను పోలేదు గదా. నేను రాకపోతే ఏంటికి రాలేదని మన గేరిలోకి ఒకసారన్నా రావల్ల గదా ఆ మనిషి. నీ సారన్నా వచ్చినాడా?"

రాలేదు. నిజం రాసినాయనా రాలేదు, అబద్ధం రాసినాయనా రాలేదు. ఇద్దరికీ గడి మాత్రమే తెలుసు, గేరి తెలీదు.