లెక్కలోకి రాని చావు

1967 ఏప్రిల్ 6న అమెరికన్ టెలివిజన్‌లో 'స్టార్ ట్రెక్' ధారావాహికలో భాగంగా 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్' ప్రసారమయింది. మందు వికటించి మతి చలించిన డాక్టర్ మెకాయ్, మాట్లాడే ఒక కాలద్వారం గుండా 1930 నాటి న్యూయార్కులో పడి, పేదలకు అన్నం పెట్టే ఈడిత్ కీలర్‌ను మోటారు ప్రమాదం నుంచి కాపాడతాడు. ఆమె బతికితే ఆమె శాంతి ఉద్యమం బలపడి, అమెరికా యుద్ధంలోకి ఆలస్యంగా దిగి, హిట్లర్‌కు అణుబాంబు ముందుగా చిక్కుతుందట. కాబట్టి ఆమె చావాలి. ఆమెను ప్రేమించిన కెప్టెన్ కిర్కే కాలంలో వెనక్కి వెళ్ళి, మెకాయ్‌ను పట్టి ఆపి, ఆమెను చావనిస్తాడు.

స్టాలిన్‌గ్రాడ్ ఊసే లేని ఈ యుద్ధచరిత్ర ఒక లోపం. అది వారి అలవాటు, వదిలేద్దాం.

అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. పాలసీసాలు దొంగిలించే ఒక దిక్కులేనివాడు మెకాయ్‌కు ఎదురవుతాడు. మెకాయ్ స్పృహ తప్పగానే అతని ఆయుధం తీసుకుని, తెలియక నొక్కి, ఆనవాలైనా లేకుండా మాయమవుతాడు. అయినా చివరకు కాలద్వారం అంతా మునుపటిలాగే ఉందని ప్రకటిస్తుంది! కిర్క్ బృందంలో అతన్ని తలచేవారు లేరు. నటీనటుల పట్టికలో అతని పేరు 'రోడెంట్', అంటే ఎలుక జాతి.

ఒకరి బతుకు లోకాన్ని తలకిందులు చేస్తుంటే, మరొకరి చావు ఏమీ చేయదనటానికి ఆధారమేమిటి? స్పాక్ యంత్రం చూపేవి పాత పత్రికల వార్తలు. ఈడిత్ అందులో ఉంది, అతడు లేడు. అందరి ప్రభావమూ సమానం కాదని వాదించవచ్చు, నిజమే. కాని పత్రికకెక్కక ముందు ఈడిత్ మాత్రం ఎవరు?

హార్లన్ ఎలిసన్ రాసిన మొదటి ప్రతిలో కాళ్ళు పోయిన మాజీ సైనికుడొకడున్నాడు. అతని చావు చరిత్రకు లెక్క కాలేదన్న సంగతిని అక్కడ పాత్రలే గుర్తిస్తాయి. ఇతరులు తిరగరాసిన ప్రతిలో ఆ సైనికుడు లేడు; అతనితో ఆ ప్రశ్నా పోయింది.