మనము మోయునది – మనలను మోయువాడు

పఠింపవలసిన భాగములు: యెషయా 46:1–4, న్యాయాధిపతులు 17, 18 అధ్యాయములు



బబులోనువారి గొప్ప దేవతలైన బేలు, నెబోలనుగూర్చి యెషయా ప్రవక్త ఆలోచింపదగిన సంగతి యొకటి తెలుపుచున్నాడు. ఆపద వచ్చిన దినమున ఆ దేవతలు తమ భక్తులను మోయలేదు. భక్తులే వాటిని పశువులమీది కెక్కించి మోయింపవలసి వచ్చెను. ఆ బరువు క్రింద పశువులు క్రుంగిపోయెను. యెహోవాయైతే తన ప్రజలను తల్లి కడుపున పడిననాటినుండి తల పండువరకు తానే మోయుచున్నాడు. కాబట్టి విగ్రహమును పోల్చుకొనుటకు గురుతు ఇదే: మనము మోయవలసి వచ్చునది విగ్రహము, మనలను మోయువాడు దేవుడు.

“విగ్రహమా? అది మా యింట లేదు” అని మనమందుము. మన పితరులు విగ్రహములను విడిచిన మాట నిజమే. రాఘవాపురము వాస్తవ్యుడైన పగోలు వెంకయ్యగారు సువార్త వినకమునుపే విగ్రహములు వ్యర్థములని గ్రహించి, తాను ఎరుగని నిజదేవుని వెదకుచు ప్రార్థించుచుండెను. 1859లో బెజవాడలో మిషనరీ డార్లింగుగారివలన క్రీస్తునుగూర్చి విని బాప్తిస్మము పొందెను. చేత లేఖనము లేని మనుష్యుడు తన యింటి విగ్రహమును గుర్తించెను. ఇంటింట బైబిలు గల మనము గుర్తించుచున్నామా? పొరుగువారి గుడివైపు వ్రేలు చూపుట సులభము. దేవుడు మనలను అడుగునది మన యింటి సంగతి.

పెండ్లి కుదిరిన యింటివారు వన్ టౌనుకు బస్సెక్కు దినమును తలంచుకొనుడి. వస్త్రలతలో పట్టుచీరలు, కాళేశ్వరరావు మార్కెట్టులో సరకులు, బంగారపు కొట్టులో నగలు. కొనుట పాపము కాదు. కానాలో మన ప్రభువే పెండ్లివిందుకు వెళ్లెను. అయితే ఇంటికి తెచ్చు సంచులలో కంటికి కనబడని బరువొకటి యున్నది. దాని పేరు పరువు. “వారు పది కాసులు పెట్టిరి, మనము తగ్గుదుమా?” అని అది యడుగును. కట్నము, ఆడపడుచు లాంఛనము, మండపము, వీడియో, ఒకదాని వెంట నొకటి కోరును.

అయిదు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినయెడల నెలకు పదివేలు. అయిదేండ్లకు వడ్డీయే ఆరు లక్షలగును. అసలు అట్లే నిలిచియుండును. ఆ పదివేలు ఎవరు మోయుచున్నారు? ఎండలో వంగి వరినాట్లు వేయు తల్లి. చదువు మాని పనికి పోవు తమ్ముడు. బబులోను పశువులవలె వారు క్రుంగుచున్నారు. పరువు అను దేవత వారిలో నొకరినైనను మోసెనా?

కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నేరములని 1961 నాటి చట్టము చెప్పుచున్నది. దురాశయే విగ్రహారాధనయని పౌలు ఏనాడో కొలొస్సయులకు వ్రాసెను (3:5). అయినను మనము కట్నమునకు “దేవుని దీవెన” అని పేరు పెట్టి పుచ్చుకొనుచున్నాము.

మీకాయు అట్లే చేసెను. అతడు తల్లియొద్ద దొంగిలించిన 1100 వెండి రూకలు తిరిగి యిచ్చెను. ఆమె వాటిలో 200 తీసి, యెహోవా పేరు చెప్పియే విగ్రహము చేయించెను. మీకా ఏటికి పది రూకల జీతమునకు ఒక లేవీయుని యాజకునిగా పెట్టుకొని, ఇక యెహోవా తనకు మేలు చేయునని నమ్మెను. దానీయులు వచ్చి ఆ విగ్రహమును, యాజకుని తీసికొని పోయినప్పుడు, తనకిక మిగిలినదేమని మొరపెట్టెను. దేనిని పోగొట్టుకొనినయెడల మనకు మరేమియు మిగులదని తోచునో, అదే మన విగ్రహము.

ఆ లేవీయుని కథను కాపరులమైన మేము భయముతో చదువవలెను. కట్నపు బేరము తెలిసియు నోరు మూసికొని ఆశీర్వాదము పలుకు కాపరి మీకా యింటి యాజకుడే.

అయితే ఏమి చేయుదము? పెండ్లి ప్రకటన గుడిలో చదువుటకు ముందే ఇరుపక్షములవారును పెద్దలును కూడి, కట్నము లేదని దేవునియెదుట ఒప్పుకొనవలెను. ఆ మాట మొదట పలుకవలసినవారు పెండ్లికుమారుని తలిదండ్రులు. ఆడపిల్ల తండ్రికి ఆ ధైర్యము రాదు. సంఘములో కలిగినవారు ముందుగా సాదా పెండ్లి చేసి చూపవలెను. ఏలయనగా లేనివాడు కలిగినవానిని చూచియే అప్పు చేయును. ఇప్పటికే అప్పులో మునిగిన కుటుంబమును వెక్కిరింపక, అందరమును తలయొక చేయి వేయవలెను.

ప్రియులారా, దేవుడు మనలను మోయుచుండగా మనము పరువును మోయనేల? ఆ బరువు దింపుడి. ఇంతకాలము మిమ్మును ఎత్తుకొని వచ్చినవాడు మీ కుమార్తెను దారిలో దింపివేయడు. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.