జీపుకు అసలు రూపం ఏది?

పాత అమెరికన్ కారు అనగానే మనవాళ్ల చూపు హైదరాబాద్ మీదికి పోతుంది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ప్యాకార్డ్ కారు ఉంది. కాళేశ్వరం, మహాదేవపూర్, కాటారం జనానికి తెలిసిన అమెరికన్ బండి మాత్రం జీపు. రెండో ప్రపంచ యుద్ధం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1941 నుంచి ఒకే నమూనా మీద ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మహీంద్రా వాళ్లు విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు, తర్వాత తయారీ కూడా ఇక్కడికే వచ్చింది. ఈ గోదావరి ఒడ్డు అడవి మండలాల్లో జీపు మొదట సర్కారుది. పోలీసులు, అటవీశాఖ, తాసిల్దారు అందులో దిగేవారు. తర్వాత ఆర్టీసీ బస్సు పోని ఊళ్లకు అదే జీపు మనిషికింత అని తీసుకుని సంతకు, దవాఖానకు, జాతరకు జనాన్ని మోసింది. ఇలాంటి బండిని కొని, బాగుచేసి, ప్రదర్శనకు పెట్టేవాళ్లు దాన్ని ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుకు తీసుకుపోవాలని చూస్తారు. అలా తీసుకుపోతే దాని చరిత్రలో మనకు చెందిన భాగం మొత్తం తుడిచిపెట్టుకుపోతుందన్నది నా వాదన.

ఆ తపన ఎంత లోతుకు పోతుందో ఒక బోల్టు చెబుతుంది. ఫోర్డ్ తన ఫ్యాక్టరీలో చేసిన జీపుల్లో చాలా బోల్టుల తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం ముద్రించింది. యుద్ధకాలపు జీపును సేకరించేవాళ్లు కిరసనాయిలుతో, తీగ బ్రష్షుతో తుప్పు గీకి ఆ అక్షరం కోసం వెతుకుతారు. దొరికితే పండగే, దొరక్కపోతే ఆ బోల్టు ‘నకిలీ’. నిష్ఠను నేను తక్కువ చేయను. పని మీద ప్రేమ లేనివాడు బోల్టు తలను పట్టించుకోడు. కానీ మన దారుల్లో తిరిగిన జీపు కింద పడుకుని చూస్తే కనిపించేవి వేరు. బరువుకు ఆగడానికి కమానులో అదనంగా వేసిన పట్టీ, ఎదురెదురు బల్లలు పెట్టడానికి వెనక భాగంలో కొట్టిన వెల్డింగు, పైన కట్టిన క్యారియర్, ఆరు వోల్టుల కరెంటు తీసేసి పన్నెండు వోల్టులకు మార్చిన వైరింగు. ఎఫ్ అక్షరం ఎంత సాక్ష్యమో ఆ అదనపు పట్టీ అంత సాక్ష్యం. మొదటిది డెట్రాయిట్ గురించి చెబుతుంది, రెండోది ఒక జీపులో ఎంతమందిని ఎక్కించాల్సి వచ్చిందో చెబుతుంది. రెండో సంగతి రాసిన పుస్తకం మనకు లేదు.

అసలు రూపం అనేది ఎక్కడో స్థిరంగా ఉంటుందని మన చట్టం నమ్మినట్టుంది. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటిన బండ్లకు ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో ‘వీఏ’ అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల ఫీజు, రోజువారీ తిరుగుడుకు గానీ కిరాయికి గానీ అనుమతి లేకపోవడం, ఇవన్నీ సబబే. చిక్కు మరో షరతుతో. చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా బండి మొదటి రూపంలోనే ఉండాలంటారు. అయితే జీపు రూపాన్ని మొదట మార్చింది తయారుచేసినవాళ్లే. యుద్ధం నాటి ఇంజన్‌లో వాల్వులు సిలిండర్ల పక్కన బ్లాకులోనే ఉండేవి, హెడ్ విప్పితే అదొక చదును మూత. 1953లో సీజే-3బీ మోడల్‌కు ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లోకి ఎక్కాయి, ఇంజన్ ఎత్తు పెరిగింది, దానికి సరిపడా బానెట్‌ను పైకి లేపారు. మనం ఏళ్ల తరబడి చూసిన ఆ ఎత్తు ముఖం అలా వచ్చింది. పెట్రోలు భారమైనప్పుడు మహీంద్రానే జీపులో డీజిల్ ఇంజన్ పెట్టింది. కంపెనీ చేస్తే మోడల్, మేస్త్రీ చేస్తే మార్పు అనడం న్యాయంగా తోచదు. పైగా ఇంజన్ మార్చితే ఆర్‌సీలో నమోదు చేయించాలని చట్టమే చెబుతుంది. అలా నిజాయితీగా రాయించుకున్న మార్పే యాభై ఏళ్ల తర్వాత బండికి అనర్హత అవుతోంది.

అలాగైతే ఏ మార్పయినా చరిత్రే అనాలా అని అడగవచ్చు. హర్యానాలోని మండీ డబ్వాలీలో కొత్త బాడీలు కట్టి, లావు టైర్లు వేసి అమ్మే జీపులు కూడా వింటేజేనా? ఇది బలమైన ప్రశ్నే. నా గీటురాయి ఒకటి: ఆ మార్పు బండి చేసిన పనిలోంచి పుట్టిందా, చూపులకోసం పుట్టిందా? రెండో షరతు, ఏది ఎప్పుడు మారిందో తెలియాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి, మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. అందులో కొత్తగా చెక్కిన రాళ్లున్నంత మాత్రాన దాన్ని కాకతీయుల గుడి కాదని ఎవరూ అనలేదు. కొత్త భాగం పాతదానిలో ఇమడాలి, కానీ కొత్తదని తెలియాలి అని పాత కట్టడాల పరిరక్షణ కోసం రాసిన 1964 నాటి వెనిస్ చార్టర్ చెప్పింది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫీవా’ ఆ బాటలోనే ట్యూరిన్ చార్టర్ రాసుకుని, వాడకం మిగిల్చిన గుర్తులను కాపాడమంది.

పొగ సంగతి కూడా ఎత్తాలి. పాత ఇంజన్ ఎక్కువ తాగుతుంది, ఎక్కువ వదులుతుంది. అందుకే దాన్ని ప్రదర్శనలకూ ర్యాలీలకూ పరిమితం చేసిన నిబంధనకు నా అభ్యంతరం లేదు. ఇక ‘నా బండి, నా ఇష్టం’ అనే యజమానికి ఆ హక్కు ఉంది. పాత వెల్డింగు కోయించి, పుట్టీ పెట్టి, మిలిటరీ పచ్చరంగు కొట్టించవచ్చు. తీయబోయే ముందు ఫొటోలు తీసి, విప్పిన పట్టీని పారేయకుండా దాచమని మాత్రమే నేను అడిగేది. అది పెద్ద ఖర్చు కాదు.

నిజంగా పోతున్నది ఇనుము కాదు, పనితనం. కార్బురేటర్ శబ్దం విని మిక్చర్ సరిచేసే మేస్త్రీలు వరంగల్ ఆటోనగర్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ ముసలివాళ్లవుతున్నారు. వాళ్ల దగ్గర పని నేర్చుకోవాల్సిన కుర్రవాళ్లు స్కానర్ పెట్టి చూసే బండ్ల వైపు వెళ్లారు, బతుకుతెరువు అక్కడే ఉంది కాబట్టి. ప్రదర్శనల్లో మార్కులు మెరుపుకే పడుతున్నంత కాలం మేస్త్రీ పని కనిపించకుండా దాచడమే గొప్పవుతుంది. జీపు ముందు పెట్టే బోర్డు మీద మోడల్, ఏడాది, యజమాని పేరు ఉంటాయి. దాని కింద ఇంజన్‌కు బోరు ఎక్కడ కొట్టించారు, అదనపు పట్టీ ఎందుకు వేశారు, ఆ పని ఎవరు చేశారు అన్నవి కూడా రాయించి, వాటికీ మార్కులు వేయాలి. తన పేరు బోర్డు మీద చూసుకున్న మేస్త్రీ దగ్గరికి, ఆ పని ఎలా చేశావని అడుగుతూ ఒక కుర్రవాడు వెళ్లడానికి అప్పుడైనా ఒక కారణం ఉంటుంది.